రీమేక్‌కి టికెట్ కొనే ముందు పాతది ఎలా చూడాలి: హారర్ అభిమానులకు ఒక పద్ధతి

కొత్త హారర్ రీమేకో ప్రీక్వెలో (పాత సినిమాకి ముందు జరిగిన కథ) రిలీజైన ప్రతిసారీ, బెంగళూరులో మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఆదివారం సాయంత్రానికల్లా ఒక తీర్పు వచ్చేస్తుంది: "పాతదాని ముందు ఇది దేనికీ పనికిరాదు." ఆ తీర్పు చాలాసార్లు నిజమే. కానీ ఎందుకు పనికిరాదు అని అడిగితే "ఏమో, భయం వెయ్యలేదు" దగ్గరే ఆగిపోతాం. భయం ఎందుకు వెయ్యలేదో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పెద్ద సినిమా పరిజ్ఞానం ఏమీ అక్కర్లేదు, ఒక రాత్రి, ఒక కాగితం, కాస్త ఓపిక చాలు. దీనివల్ల వారాంతంలో మల్టీప్లెక్స్‌కి తగలేసే డబ్బు కొంత మిగులుతుంది, అది సరే, పాత సినిమాను ఇంతగా ఎందుకు పట్టుకుని వేలాడుతున్నామో కూడా తెలుస్తుంది. నాకు ఈ రెండోదే ముఖ్యం.

నేను నమ్మేది ముందే చెప్పేస్తాను. మంచి హారర్ సినిమాలో భయం చూపించినదాంట్లో కొంతే ఉంటుంది, మిగతాదంతా చెప్పకుండా వదిలేసినదాంట్లో ఉంటుంది. రీమేక్ తీసేవాళ్ళు చూపించినదాన్ని మళ్ళీ తీస్తారు, ప్రీక్వెల్ తీసేవాళ్ళు వదిలేసిన చోటుని పూడుస్తారు. అందుకని మన పనల్లా ఆ వదిలేసిన చోటు ఎక్కడుందో పాత సినిమాలో ముందే వెతికి పెట్టుకోవడం.

మొదట పాతదాన్ని మళ్ళీ చూడాలి. చిన్నప్పుడు చూసిన జ్ఞాపకం సరిపోదు, కేబుల్ టీవీలో యాడ్‌ల మధ్య ముక్కలు ముక్కలుగా చూసిందైతే అసలు లెక్కలోకే రాదు. కొత్తదానికి కనీసం ఒక రోజు ముందు పాతదాన్ని ఒకే బిగిన, పాజ్ చెయ్యకుండా చూడండి. మన ఊళ్ళో ఇది అంత తేలిక కాదని తెలుసు. మారతహళ్ళి, మహదేవపుర వైపు రింగ్ రోడ్డుకి దగ్గరగా ఉంటే రాత్రి చాలా పొద్దుపోయేదాకా హారన్లు ఆగవు, పీజీలో ఉంటే సరిగ్గా టెన్షన్ పెరిగే చోటే రూమ్మేట్ వచ్చి లైటు వేస్తాడు. కాబట్టి పదకొండు దాటాక పెట్టుకోండి, కర్టెన్లు వేసి, ఫోన్ పక్క గదిలో పెట్టి. టీవీ స్పీకర్ కన్నా హెడ్‌ఫోన్స్ మేలు, ఎందుకంటే పాత హారర్‌లో చాలా పని గాలి చప్పుడు, మెట్ల కిర్రు, అవతలి గదిలో ఎవరో కదిలిన అలికిడి లాంటి చిన్న శబ్దాలే చేస్తాయి. టీవీలో పిక్చర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మోషన్ స్మూతింగ్ ఆఫ్ చెయ్యండి, ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది కానీ దాదాపు అన్ని కొత్త టీవీల్లోనూ ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమా అది ఆన్‌లో ఉంటే సాయంత్రం సీరియల్‌లా నున్నగా కనిపిస్తుంది. చీకటి సీన్లు కనిపించట్లేదని బ్రైట్‌నెస్ మాత్రం పెంచకండి, అక్కడ కనిపించకూడదనే అలా తీశారు.

సినిమా అయిపోగానే, రివ్యూలు గానీ యూట్యూబ్‌లో "ఎండింగ్ ఎక్స్‌ప్లెయిన్డ్" వీడియోలు గానీ చూడకముందే, కాగితం తీసుకుని సినిమా మనకు చెప్పని సంగతులన్నీ రాయండి. ఎవరు, ఎందుకు, ఎక్కడి నుంచి, ఆ తర్వాత ఏమైంది, ఇలా ఏది గుర్తొస్తే అది.

ఎలా రాయాలో ఒక ఉదాహరణతో చెప్తాను. జాన్ కార్పెంటర్ 1982లో తీసిన "ది థింగ్" తీసుకోండి. అంటార్కిటికాలో అమెరికన్ల స్థావరం, ఒక కుక్కను తరుముతూ, దాని మీద కాల్పులు జరుపుతూ నార్వేవాళ్ళ హెలికాప్టర్ వస్తుంది. ఆ నార్వేవాళ్ళకు ఏమైందో చూద్దామని హీరో, డాక్టరు కలిసి వాళ్ళ స్థావరానికి వెళ్తారు. కాలిపోయిన గదులు. తలుపులో దిగబడి ఉన్న గొడ్డలి. గొంతు తెగి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గడ్డకట్టిపోయిన మనిషి. లోపల్నుంచి ఏదో బయటికి వచ్చేసినట్టు నడుమ ఖాళీగా ఉన్న పెద్ద మంచు దిమ్మ. అడుగుదామంటే అక్కడ ప్రాణాలతో ఒక్కరూ లేరు. ఆ కాసేపట్లో మన బుర్ర ఎన్ని కథలు అల్లుకుంటుందో చూడండి, ఇక్కడ వీళ్ళకు జరిగిందే రేపు అక్కడ వాళ్ళకూ జరగబోతోందని ఎవరూ చెప్పకుండానే కడుపులో తెలిసిపోతుంది. ఇప్పుడు మీ కాగితం మీద "గొడ్డలి ఎవరు విసిరారు? ఆ మనిషి గొంతు తనే కోసుకున్నాడా? మంచులో ఏముంది?" అని ఉంటుంది.

2011లో అదే పేరుతో ప్రీక్వెల్ వచ్చింది, సరిగ్గా ఆ నార్వే స్థావరం కథతో. తీసినవాళ్ళు నిర్లక్ష్యంగా తీశారని నేను అనను, పాత సినిమాలో కనిపించిన ప్రతి వస్తువుకూ లెక్క సరిపోయేలా, గొడ్డలి అక్కడికెలా వచ్చిందో, రెండు ముఖాలు అతుక్కుపోయిన ఆ కాలిన శవం ఎలా తయారైందో అన్నీ శ్రద్ధగా చూపించారు. దెబ్బ పడింది కూడా సరిగ్గా అక్కడే. మన బుర్రలో ఆ గొడ్డలికి వంద కథలు ఉండేవి, సినిమా చూశాక ఒక్కటి మిగిలింది, అదీ మనం అల్లుకున్నవాటికన్నా చిన్నది. కాగితం మీదున్న ప్రశ్నల్లో ఎన్నింటికి ఈ ప్రీక్వెల్ జవాబు చెప్పిందో టిక్ పెట్టుకుంటూ పోండి, ప్రతి టిక్ పక్కనా "ఇది తెలిశాక భయం పెరిగిందా, తగ్గిందా" అని ఒక్క మాట రాయండి. నేను చూసినంతలో "తగ్గింది" అన్నదే వరసగా వస్తుంది.

ఇందులోనే గ్రాఫిక్స్ సంగతి కూడా గమనించాలి, ఎందుకంటే "అంతా గ్రాఫిక్స్ గురూ" అని తీసిపారేసే మాటలో సగమే నిజం ఉంది. 1982లో రాబ్ బాటిన్ అనే కుర్రవాడు, అప్పటికి ఇరవైల్లోనే ఉన్నాడు, రబ్బరుతో, రసాయనాలతో, తీగలతో, మంచులోంచి బయటపడి మనుషుల రూపం ఎత్తే ఆ జీవుల్ని నిజంగా తయారుచేశాడు, పని పూర్తయ్యేసరికి ఒళ్ళు హూనమై ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. 2011 సినిమాకి కూడా అలాంటి బొమ్మల్నే చేశారు! షూటింగ్ అయ్యాక వాటిలో చాలావాటి మీద కంప్యూటర్ బొమ్మల పొర కప్పేశారు. అంటే ఆ పనితనం తెలిసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, చేసి కూడా ఇచ్చారు, దాన్ని తెర మీద ఉంచే ధైర్యమే పైవాళ్ళకు లేకపోయింది. అభిమానులు నొచ్చుకున్నది ఈ విషయానికి, ఆ నొప్పి న్యాయమైనదే. కొత్తది చూస్తున్నప్పుడు ఆ జీవి మీద గదిలోని దీపం వెలుగు పడుతోందా, దాని బరువుకి మంచం కుంగుతోందా, ఈ రెండూ గమనించండి చాలు.

జవాబులు చెప్పే జబ్బు రీమేకులకూ ఉంది. 1978 "హాలోవీన్"లో ఆరేళ్ళ పిల్లాడు సొంత అక్కను పొడిచి చంపుతాడు, ఎందుకో సినిమా చెప్పదు, ఏళ్ళ తరబడి వాణ్ణి చూసిన డాక్టరుకు కూడా తెలియదు, వాడిలో ఉన్నది చెడు, అంతే అంటాడు. 2007లో రాబ్ జాంబీ దాన్ని మళ్ళీ తీసినప్పుడు ఆ పిల్లాడి ఇల్లు, ఇంట్లో తిట్లు, బడిలో ఏడిపించే పిల్లలు, అన్నీ చాలాసేపు చూపించాడు. బాగానే తీశాడు, పిల్లాడి మీద జాలేస్తుంది. కానీ ఒకసారి జాలిపడ్డాక వాడు చీకట్లో తలుపు దగ్గర నిలబడితే పాత గగుర్పాటు రాదు. రిడ్లీ స్కాట్ "ఏలియన్"లో కుర్చీలోనే శిలలా మారిపోయిన ఆ పెద్ద ఆకారానికి కూడా 2012 "ప్రొమీథియస్"లో అదెవరో విప్పి చెప్పేసరికి ఇదే గతి పట్టింది, అదీ అదే దర్శకుడి చేతిలో. కాబట్టి "ఒరిజినల్ డైరెక్టరే తీస్తున్నాడు" అనే భరోసాతో టికెట్ కొనకండి.

ఇప్పటిదాకా బయటి సినిమాలే చెప్పాను. అసలు ఈ పద్ధతి నేర్చుకోవడానికి మనకు ఇంతకన్నా మంచి పాఠం ఇక్కడే ఉంది, అది కూడా బెంగళూరులో ఉన్నవాళ్ళకే బాగా కుదిరే పాఠం. ఆఫీసులో మలయాళీ ఒకరు, కన్నడిగుడు ఒకరు, తమిళుడు ఒకరు ఎలాగూ ఉంటారు, వాళ్ళను పిలవండి. 1993లో ఫాజిల్ తీసిన మలయాళం "మణిచిత్రతాళు" ముందు పెట్టండి. తర్వాత పి. వాసు కన్నడంలో తీసిన "ఆప్తమిత్ర" (2004), ఆయనే తమిళంలో తీసిన "చంద్రముఖి" (2005), ప్రియదర్శన్ హిందీలో తీసిన "భూల్ భులయ్యా" (2007). నాలుగూ ఒకే వారంలో చూడక్కర్లేదు, ఆ ఒక్క సీను మాత్రం నాలుగింటిలోనూ చూడండి, అందరికీ తెలిసినదే, మంచం లేపే సీను.

మలయాళంలో ఆ సీను ఇంట్లో మొగుడూ పెళ్ళాల మామూలు మాటల్లా మొదలవుతుంది. బయటకు వెళ్ళి కొనాల్సినవి ఉన్నాయి, వెళ్తానంటుంది కథానాయిక గంగ. ఈరోజు వద్దంటాడు భర్త. ఎందుకు వద్దు? వద్దు, అంతే. మళ్ళీ ఎందుకు వద్దంటుంది, ఈసారి గొంతు కొంచెం మందంగా, కళ్ళు కొంచెం పెద్దవిగా. ఇంకో రెండు మాటలయ్యేసరికి మలయాళం తమిళంలోకి జారిపోతుంది, ఒంటి చేత్తో మంచం లేస్తుంది. ఎక్కడ గంగ ఆగిపోయి, ఆ ఇంట్లో ఒకప్పుడు చచ్చిపోయిన నర్తకి నాగవల్లి మొదలైందో వేలు పెట్టి చూపించమంటే చూపించలేం. గంగగా వేసిన శోభనకు జాతీయ అవార్డు వచ్చిన నటన అది.

ఇప్పుడు భాష సంగతి గమనించండి. మలయాళం ఇంట్లో దెయ్యం మాట్లాడేది తమిళం. కన్నడంలోనూ తమిళంలోనూ ఆ నర్తకి తెలుగు మాట్లాడుతుంది, "రా రా" పాట అందుకే తెలుగులో ఉంది. హిందీలో ఆమె బెంగాలీ. "చంద్రముఖి"ని తెలుగులోకి డబ్ చేసినప్పుడు మనకు తెలుగు పరాయి భాష కాదు కాబట్టి ఆ చోట తమిళ పాట పెట్టారు. ఎవరు ఆలోచించారో గానీ, సినిమాకి ప్రాణం ఎక్కడుందో తెలిసినవాళ్ళు. తెలిసిన మనిషి నోట తెలియని భాష రావడమే అక్కడ భయం, అది కాపాడితే ఇల్లు మారినా, బట్టలు మారినా, దెయ్యం ఊరు మారినా ఫర్వాలేదు. రీమేక్ చేసేవాళ్ళకు నేను చెప్పగలిగితే ఇదే చెప్తాను, సీన్లు కాదు, ఆ సీను దేనివల్ల పనిచేస్తోందో అది తీసుకెళ్ళండి.

మరి "చంద్రముఖి"లో పోయిందేమిటి? చెన్నైలో శాంతి థియేటర్లో 800 రోజులకు పైగా ఆడిన సినిమాను నిరాశ అని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ మలయాళంలో డాక్టరుగా వేసిన మోహన్‌లాల్ సినిమా చాలాదూరం నడిచాక గానీ రాడు, అప్పటిదాకా ఆ ఇంట్లో మనల్ని కాపాడేవాడు లేడు. తమిళంలో రజనీకాంత్ మొదట్లోనే ఫైటుతో, పాటతో వచ్చేస్తాడు, ఇక ఎన్ని తలుపులు కిర్రుమన్నా ఆయన ఉన్నాడులే అన్న ధైర్యం మనకు ఉంటుంది. స్టార్ ఎన్నో నిమిషంలో వస్తున్నాడో కాగితం మీద రాసుకోండి, మన దక్షిణాది రీమేకుల్లో భయం తగ్గడానికి సగం కారణం అక్కడే దొరుకుతుంది. "ఆప్తమిత్ర" చూసేటప్పుడు మాత్రం నాకు ఈ లెక్కలేవీ గుర్తుండవు, ఆ సినిమా విడుదలయ్యేనాటికి సౌందర్య లేదు, 2004 ఏప్రిల్‌లో ఈ ఊళ్ళోనే విమాన ప్రమాదంలో పోయింది, ఆ కళ్ళు తెర మీద చూస్తుంటే వేరే రకం బరువు.

కొనసాగింపుల దగ్గరకు వచ్చేసరికి ఈ కథ కూడా అదే గోతిలో పడింది. కన్నడ "ఆప్తరక్షక", దాని నుంచి 2010లోనే తెలుగులో వచ్చిన "నాగవల్లి", వీటిలో ఆ నర్తకిని చంపించిన అలనాటి రాజు వందేళ్ళు దాటినా ఇంకా బతికే ఉన్నాడని తేల్చారు. మొదటి కథలో అది దెయ్యమా, జబ్బా అన్న ఊగిసలాటే మనల్ని కూర్చోబెట్టింది, డాక్టరు జబ్బే అని చెప్పినా నర్తకి గదికి వేసిన ఆ తాళం తీసినప్పటి జంకు పోదు. రాజుని తెచ్చి ఎదురుగా నిలబెట్టాక ఊగడానికి ఏం మిగులుతుంది?

తర్వాతి పని కాస్త కష్టం, ఎందుకంటే ఇది మన అభిమానాన్నే పరీక్షిస్తుంది. కొత్తది నచ్చకపోవడానికి అందులోని లోపమే కారణమా, లేక పాతది మన కుర్రతనంతో ముడిపడి ఉండటమా? పాతది చూడని మనిషిని ఒకరిని పట్టుకోండి, తమ్ముడో, ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడో. వాళ్ళకు కొత్తది ముందు, పాతది తర్వాత చూపించండి. రెండింటి మధ్య మీరు నోరు మెదపకూడదు, "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు" అని అసలు అనకూడదు. దీనికి బాగా పనికొచ్చే జంట "సైకో". హిచ్‌కాక్ 1960లో తీసినదాన్ని గస్ వాన్ సాంట్ 1998లో దాదాపు షాటుకి షాటు, డైలాగుకి డైలాగు రంగుల్లో మళ్ళీ తీశాడు. బెర్నార్డ్ హెర్మన్ సంగీతమే మళ్ళీ రికార్డు చేసి వాడారు. అన్నీ ఉన్నాయి, వణుకు లేదు. 1960లో హీరోయిన్ అనుకున్న మనిషి సినిమా సగం కాకముందే బాత్రూమ్‌లో హత్యకు గురై చచ్చిపోవడం ఎవరూ ఊహించని సంగతి, ఆ గుట్టు పోకూడదని సినిమా మొదలయ్యాక ఎవరినీ హాల్లోకి రానివ్వొద్దని హిచ్‌కాక్ పట్టుబట్టాడు. 1998లో ఆ బాత్రూమ్ సీను గురించి సినిమా చూడనివాళ్ళకు కూడా తెలుసు. ఏమీ తెలియని మీ తమ్ముడు రెండూ చూసి కూడా పాతదే ఎక్కువ భయపెట్టిందంటే మీ అభిమానం మీద అనుమానం అక్కర్లేదు, రెండూ ఒకటే అన్నాడంటే దాన్నీ కాగితం మీద నిజాయితీగా రాయండి.

టికెట్ కొనే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పేరులో "బిగినింగ్", "ఆరిజిన్" లాంటి మాట ఉందంటే మీ కాగితం మీది ప్రశ్నలకు జవాబులు అమ్ముతున్నారని అర్థం. ట్రైలర్‌లోనే రాక్షసి ముఖం పూర్తిగా చూపించేశారంటే దాచుకోవడానికి ఇంకేం లేదని అర్థం. విడుదల తేదీ కథకన్నా ముందు ఖాయమైందంటే జాగ్రత్త, "ది ఓమెన్" రీమేక్‌ని 2006లో ఆరో నెల ఆరో తారీఖున దింపారు, సైతాను అంకెగా చెప్పుకునే 666 కోసం. సినిమా మొత్తం మళ్ళీ తీస్తున్నారన్న వార్త వస్తే ఇంకా జాగ్రత్త. 1973 "ఎక్సార్సిస్ట్"కి ప్రీక్వెల్ పాల్ ష్రేడర్ పూర్తిగా తీసి ఇస్తే, కావాల్సినంత భయం లేదని నిర్మాతలు రెన్నీ హార్లిన్‌తో దాదాపు అంతా మళ్ళీ తీయించి 2004లో వదిలారు, అది తన్నేశాక 2005లో ష్రేడర్‌ది కూడా బయటకు తెచ్చారు. ఒకే కథకు రెండు ప్రీక్వెల్స్, రెండూ అభిమానుల మనసు గెలవలేదు. మొదటి సినిమాలో దెయ్యం పట్టిన పిల్ల గదిలో నోటి వెంట పొగలు రావడానికి దర్శకుడు ఫ్రీడ్‌కిన్ సెట్టునే గడ్డకట్టేంత చల్లబరిచాడు, నటులు నిజంగా వణికారు. ఆ మొండితనం డబ్బుతో రాదు.

అన్ని రీమేకులూ చెత్తే అనే వాదన నాకు నచ్చదు, మీరూ ఆ వైపు వెళ్ళకండి. నేను పైన పొగిడిన "ది థింగ్" కూడా 1938 నాటి కథకు రెండో సినిమా రూపం, మొదటిది 1951లో వచ్చింది. డేవిడ్ క్రోనెన్‌బర్గ్ 1986లో తీసిన "ది ఫ్లై" 1958 సినిమాకి రీమేక్, మనిషి రోజురోజుకీ కుళ్ళిపోవడాన్ని ఒక ప్రేమకథలో పెట్టి పాతదాన్ని మించిపోయాడు. జపాన్ "రింగు" (1998) నుంచి హాలీవుడ్ తీసిన "ది రింగ్" (2002) కూడా నిలబడింది. ప్రీక్వెల్స్‌లో మైక్ ఫ్లానగన్ తీసిన "విజా: ఆరిజిన్ ఆఫ్ ఈవిల్" (2016) ముందు సినిమాకన్నా చాలా నయం, అక్కడ ముందు వచ్చినదే బలహీనం కాబట్టి పోగొట్టడానికి ఏమీ లేదు, పేరులో "ఆరిజిన్" ఉన్నా నష్టం లేకపోయింది. వీటిని కూడా అదే కాగితంతో చూడండి, పాత ఖాళీని పూడ్చకుండా తమ సొంత ఖాళీని ఎక్కడ పెట్టుకున్నారో కనిపిస్తుంది.

ఇదంతా గుంపుగా చేస్తే ఇంకా బాగుంటుంది. ఎవరి ఫ్లాట్‌లో పెద్ద టీవీ ఉంటే అక్కడ, నలుగురైదుగురికి మించకుండా, ఎందుకంటే ఎనిమిది మంది కూడితే ఎవడో ఒకడు జోకులు మొదలుపెడతాడు, ఇక రాత్రంతా అంతే. బిర్యానీ ఆర్డర్ సినిమాకి ముందే తిని పూర్తి చెయ్యండి, నడుమ బెల్ మోగితే సీను పోతుంది. మలయాళం చూసేటప్పుడు మలయాళీ స్నేహితుణ్ణి సబ్‌టైటిల్‌లో రానివి చెప్పమనండి, అయితే సినిమా అయ్యాకే. మాటలు మొదలయ్యే ముందు అందరి కాగితాలూ నేల మీద పరవండి, ఎవరూ ఎవరిదీ అప్పటిదాకా చూడకూడదు, ముందుగా పాతది అసలు చూడనివాణ్ణి మాట్లాడనివ్వండి.